‘చెప్పులేసుకుని ముట్టుకో’ అనే సలహా

ఫ్రిజ్ డోర్ పట్టుకుంటే జిల్లుమంటోందని ఇంట్లో ఆడవాళ్లు చెబుతారు. టీవీ మీంచి తల తిప్పకుండా మన మర్దులు ఇచ్చే జవాబు ఒకటే. "చెప్పులేసుకుని ముట్టుకో." గుంటూరులో అడిగినా, కడపలో అడిగినా, ఏ మొహల్లాలో అడిగినా ఇదే నుస్ఖా. నా ఎతరాజ్ ఈ నుస్ఖా మీదే.

జిల్లుమనడం అంటే ఏమిటి? కరెంటు వైరు దాటి ఫ్రిజ్ రేకు మీదికి వచ్చేసింది, నేలలోకి పోవడానికి వేరే రాస్తా లేక మీ అమ్మీ ఒంట్లోంచి పోతోంది అని. అది ఒక ఖబర్. ఖబర్ తెచ్చిన మనిషికి చెప్పులు తొడిగి పంపేయడం ఇలాజ్ ఎలా అవుతుంది? ఆ చెప్పులు ఏదో ఒక రోజు తడిసి ఉంటాయి. ఏదో ఒక రోజు చిన్నది వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చి నీళ్ల సీసా కోసం అదే డోర్ లాగుతుంది.

మన షాదీల సంగతి తీయక తప్పదు. జహేజ్ లిస్టులో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండర్, కూలర్ అన్నీ ఉంటాయి. ఏ కంపెనీది, ఎన్ని లీటర్లు అని బేరాలాడతారు. అవన్నీ పెట్టబోయే ఇంట్లో ఎర్త్ వైరు ఉందా అని అడిగిన సమ్ధీని నేను ఇంతవరకూ చూడలేదు. ప్లగ్గులో పైన ఉండే ఆ మూడో పిన్ను మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు అది తగలాలని, తీసేటప్పుడు అందరికన్నా ఆఖర్న అది వదలాలని. రేకు మీదికి కరెంటు వస్తే దాన్ని నేలలోకి లాక్కెళ్లే హిఫాజత్ పిన్ను అది. మనవాళ్లు ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండే రంధ్రాలున్నాయని దాన్ని విరగ్గొట్టి పారేస్తారు. ఇంకొందరు ప్లగ్గే లేకుండా వైరు కొసలు గీరి, సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు. షాదీఖానా సీరియల్ లైట్లలో ఈ హునర్ ఎంత కావాలంటే అంత కనిపిస్తుంది. ఎండాకాలంలో ఇనప కూలర్లో నీళ్లు నింపి రెండు పిన్నుల ప్లగ్గు పెట్టేవాళ్ల ధైర్యానికైతే సలాం.

ఇది తెలియక చేసేవాళ్ల సంగతి. తెలిసి చేసేవాళ్లు వేరే ఉన్నారు, నా అసలు కోపం వాళ్ల మీద. పాత మకాన్లలో చాలాచోట్ల సాకెట్లకి ఎర్త్ వైరే ఉండదు. ఒకప్పుడు కుళాయి ఇనప పైపుకి ఒక తీగ చుట్టి అదే ఎర్త్ అనేవారు. ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్‌వి, ఆ తీగ ఎటూ పోదు. జిల్లుమంటోందని పిలిస్తే వచ్చిన మిస్త్రీ సాకెట్ విప్పి, న్యూట్రల్‌కీ ఎర్త్ పిన్నుకీ మధ్య ఒక చిన్న ముక్క వైరు కలిపేసి "అయిపోయింది భాయ్, ఇక కొట్టదు" అంటాడు. నిజంగానే ఆ రోజు కొట్టదు. పైసలు తీసుకుని వెళ్లిపోతాడు. కానీ స్తంభం దగ్గరో మీటర్ దగ్గరో న్యూట్రల్ వదులైందనుకోండి, ఊడిందనుకోండి. ఫేజు నుంచి ఫ్రిజ్ మోటారు గుండా వచ్చిన కరెంటుకి వెనక్కిపోయే దారి ఉండదు. ఆ ముక్క వైరు మీదుగా తిన్నగా ఫ్రిజ్ రేకు మీదికొస్తుంది. ఫ్రిజ్‌లో ఏ ఖరాబీ లేదు, అయినా దాని ఒళ్లంతా 230 వోల్టులు. ఎవరైనా ఎప్పుడైనా ఫేజునీ న్యూట్రల్‌నీ తారుమారు చేసి బిగిస్తే న్యూట్రల్ తెగేదాకా ఆగే పని కూడా లేదు. చిన్న జిల్లుని పెద్ద మౌత్‌గా మార్చే ఈ పనికి మనం మజూరీ ఇచ్చి, చాయ్ తాగించి పంపుతాం.

ఇంకో లాపర్వాహీ, కొత్త ఇళ్లలో. బిల్డర్లు ఇప్పుడు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెడుతున్నారు. ఎమ్‌సీబీ వేరు, ఇది వేరు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషి సంగతి దానికి తెలియదు. తడి ఒంటి అడ్డు సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకి అందులోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు, ఎమ్‌సీబీకి మాత్రం లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటునీ తిరిగొచ్చిన కరెంటునీ తూస్తూ ఉంటుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా అంతకి చేరేలోపే, సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా పడిపోతుంది. దాన్ని మనవాళ్లు "మాటిమాటికీ పడుతోంది, పరేషానీ" అని తీయించేస్తున్నారు. కాపలావాడు అరుస్తున్నాడని నౌకరీలోంచి తీసేసినట్టుంది.

ఈ గోడవ మా ఇంట్లోనూ జరిగింది, మొన్న వానల్లో. సాకెట్ల ఎమ్‌సీబీ ఆపేసినా సరే, లైట్లు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. వచ్చిన మొదటి మిస్త్రీ పది నిమిషాలు చూసి "ఇదే ఖరాబ్ సాబ్, డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. వద్దన్నాను. రెండోసారి పిలిచినాయన లైసెన్స్ ఉన్నవాడు, చేతిలో మెగ్గర్ ఉన్నవాడు. ఆయన ముందుగా అన్ని ప్లగ్గులూ పీకించాడు. స్విచ్ ఆపితే చాలదట, స్విచ్ ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్ మెషీన్ దాకా అలాగే అంటుకుని ఉంటుంది. మామూలు ఒంటి ఎమ్‌సీబీ సంగతీ అంతే. సాకెట్ల లైన్లో న్యూట్రల్ ఎర్త్‌కి తగిలిందంటే, లైట్ల కరెంటులో కొంత ఆ దొంగదారిన పోతుంది, ఆర్‌సీసీబీ పట్టేస్తుంది. మొదటాయన దాని మీద వేసిన ఇల్జాం అంతా ఝూట్. సాకెట్ల న్యూట్రల్‌ని న్యూట్రల్ లింక్ నుంచి ఊడదీయగానే ఆర్‌సీసీబీ నిలబడింది. కనెక్షన్లన్నీ విడదీసి 500 వోల్టుల మెగ్గర్‌తో ఆ న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే, కనీసం 1 మెగా ఓమ్ ఉండాల్సిన చోట ముల్లు సున్నా మీద పడుకుంది. ఒక్కో బోర్డూ విడదీసుకుంటూ పోతే దొరికింది. వాషింగ్ మెషీన్ వెనక ఇనప బాక్సులో స్క్రూ బిగించేటప్పుడు న్యూట్రల్ వైరు తొడుగు నలిగి, చీలి, చెమ్మ పట్టి ఉంది. అరచెయ్యి పొడవు వైరు మార్చాడు, అంతే. దీనికోసం ఇంటిల్లిపాదినీ కాపాడే పరికరాన్ని పీకేద్దామన్నాడు మొదటాయన!

గీజర్ వేస్తే ఎమ్‌సీబీ పడుతోందని 16 తీసి 32 పెట్టించేవాళ్లదీ ఇదే బిరాదరీ. సన్నటి వైరు అలాగే ఉంచి ఎమ్‌సీబీని పెంచితే, అది పడేలోపు గోడలో వైరు మాడుతుంది. సాకెట్ల లైనుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గీజర్‌కీ ఏసీకీ 4ది వేయమని మంచి మిస్త్రీలు చెబితే, మనం గ్రానైట్‌కి ఖర్చయిపోయిందంటాం.

"కిరాయా ఇంట్లో ఉన్నాం, మాలిక్ వినడు" అనేవాళ్ల మజ్బూరీ నాకు అర్థమవుతుంది. ఇది వట్టి బహానా కాదు. మాలిక్‌ని ఎర్త్ గుంత అడగండి, అది మీ హక్కు. వినకపోతే ఆర్‌సీసీబీ మీ పైసలతో బిగించుకోండి. వలీమాలో ఒక డేగ్ బిర్యానీకయ్యే ఖర్చు కూడా కాదు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చు. ఎర్త్ లేని ఇంట్లో కూడా అది పనిచేస్తుంది, ఎందుకంటే మనిషి ఒంట్లోంచి పోయే కరెంటూ దానికి తేడాగానే కనిపిస్తుంది. అలాగని ఎర్త్ అక్కర్లేదని కాదు. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది, లేకపోతే ఒకరికి షాక్ తగిలాక పడుతుంది.

జనాజా దగ్గర నిలబడి "తక్దీర్‌లో అంతే రాసుంది" అనే పెద్దమనుషులతో నాకు బహస్ ఉంది. ఒంటెను కట్టకుండా వదిలేసి తవక్కుల్ అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ ఇంట్లో మూడు నెలలుగా జిల్లుమంటోందని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని తక్దీర్ ఖాతాలో వేయకండి.

ఈ వారంలో చేయగలిగింది చెబుతాను. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కండి. పడకపోతే మార్చండి. ఎర్త్ గుంత ఎక్కడుందో వెతికి, ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించండి. లైసెన్స్ ఉన్న మనిషిని పిలిచి, సాకెట్లలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ముక్క వైరు కలిపి ఉందేమో మీ కళ్ల ముందే విప్పి చూపించమనండి. మీరు విప్పకండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కూడా గుర్తుపట్టలేదు. మెయిన్ ఆపేశాం కదా అనుకునే షౌకీన్లకి ఇంకో మాట: ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, మెయిన్ ఆపిన తర్వాత కూడా దాని లైను మీదున్న సాకెట్లలో కరెంటు ఉంటుంది.