రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటిపన్ను రసీదును మనం చదవం. మొత్తం ఎంతో చూసి బీరువాలో పడేస్తాం. మొన్న మాత్రం తీరిగ్గా చదివితే ఒక గడిలో ‘లైబ్రరీ సెస్’ అని కనిపించింది. పన్ను మూడు వేలు, సెస్ 240. అంటే రూపాయికి ఎనిమిది పైసలు.

రసీదు జేబులో పెట్టుకుని మా గ్రంథాలయానికి వెళ్లాను. పేపర్ల బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు ఒకే పత్రికను చెరో సగం పంచుకుని చదువుతున్నారు. వరండా నిండా గ్రూప్స్‌కి చదివే పిల్లలు. పుస్తకాలూ వాళ్లవే, ప్లాస్టిక్ కుర్చీలూ వాళ్లవే. ఒకమ్మాయి తన కుర్చీని గొలుసుతో కిటికీ ఊచకు కట్టి తాళం వేసుకుంది. కొత్త పుస్తకాలేవని అడిగితే లైబ్రేరియన్ గారు నా రసీదు వైపు చూసి నవ్వారు. ‘‘వసూలు చేసేది వాళ్లండీ. మా దాకా రావాలిగా!’’

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ సెస్సును పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పేరు పెట్టి మరీ మన దగ్గర తీసుకున్న సొమ్ము అది. కాలవలకో జీతాలకో వాడుకుని బకాయి అని రాసుకోవడానికి కాదు. గ్రంథాలయాలకు నిధులు ‘ఇవ్వండి’ అని వినతిపత్రాలు పట్టుకు తిరిగేవాళ్లతో నా పేచీ అక్కడే. ఇచ్చేశాం కదా, ఇక అడగాల్సింది లెక్క.

1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పారు. ఆనాడు ఏ సెస్సూ లేదు. ఇప్పుడు సెస్సుంది, ఏటా నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలున్నాయి, వక్తృత్వ పోటీలున్నాయి, శాలువాలున్నాయి. పాత పుస్తకాల విరాళమూ ఉంది. (అటక ఖాళీ చేసుకోవడాన్ని దానం అనడం మనకే చెల్లింది.)

ఆ సెస్సు లెక్కను సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని అడగడానికి రుసుమే లేదు. మునిసిపాలిటీకైతే పది రూపాయలు. ఐదేళ్లలో సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత, ఏయే తేదీల్లో జమ చేశారు? ఈ రెండు ప్రశ్నలే రాశాను. వరండాలో కూర్చున్న పిల్లలకు చూపిస్తే, గొలుసు అమ్మాయి పెన్ను లాక్కుని మూడోది చేర్చింది: ‘‘చెల్లించకుండా మిగిలిన బకాయి ఎంత?’’

సోమవారం వెళ్లి ఇచ్చొచ్చాం. పది రూపాయలకూ రసీదు అడిగి తీసుకున్నాం.