ముఖం చూసి కాదు, వెండి చూసి తీసుకున్నారు!

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల ముందు కూర్చున్నవాళ్లను ఎప్పుడైనా గమనించారా? వాళ్లలో సగం మంది మీలాంటివాళ్లే. సగం ధరకు దొరికే గ్రూప్స్ మెటీరియల్ కోసం వెతుకుతుంటారు. అక్కడికి దగ్గర్లోనే, మోజంజాహీ మార్కెట్ రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు. చాలామంది జీవితం కొన్నేళ్లుగా ఈ రెండింటి మధ్యే తిరుగుతోంది. ఇక్కడ పుస్తకం, అక్కడ నోటిఫికేషన్.

ఈసారి ఇంకో చోటికి కూడా వెళ్లి రండి. అదే నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం. అందరిలా ఈజిప్టు మమ్మీని చూసి వచ్చేయకండి. నాణేల గురించి కూడా అడగండి. మన నేలలో దొరికిన రోమన్ నాణేలు మీకు కోచింగ్ సెంటర్లో చెప్పని సంగతి ఒకటి చెబుతాయి.

'రోమ్ చరిత్ర మన సిలబస్‌లో ఎక్కడుంది సార్?' అంటారేమో. నిజమే. సివిల్స్ మెయిన్స్‌లో కూడా ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచే మొదలవుతుంది. కానీ 'శాతవాహనులకు రోమ్‌తో వాణిజ్యం ఉండేది' అనే బిట్ మీకు కంఠతా వచ్చు కదా? ఆ ఒక్క వాక్యం వెనక ఒక అంతర్యుద్ధం ఉంది.

యుద్ధం అక్కడ, నాణేలు ఇక్కడ

జూలియస్ సీజర్ హత్య తర్వాత రోమ్‌లో అధికారం కోసం ఏళ్లకేళ్లు కొట్లాట సాగింది. చివరికి ఇద్దరు మిగిలారు: ఆక్టేవియన్, ఆంటోనీ. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర సముద్రంలో జరిగిన పోరులో ఆంటోనీ, క్లియోపాత్రా ఓడిపోయారు. మరుసటి ఏడాది ఈజిప్టు రోమ్ వశమైంది. ఆక్టేవియనే ఆ తర్వాత ఆగస్టస్ చక్రవర్తి అయ్యాడు.

ఈజిప్టు చేతికి రావడమంటే ఎర్ర సముద్రం రేవులు చేతికి రావడం. అంతకుముందు ఏడాదికి ఇరవై ఓడలు కూడా ధైర్యంగా దాటని చోట, తన కాలంలో ఒక్క మయోస్ హార్మోస్ రేవు నుంచే 120 ఓడలు భారత్‌కు బయల్దేరుతున్నాయని స్ట్రాబో రాశాడు. మన కోస్తాను ఆనాటి గ్రీకు నావికుడు ఒకడు 'మసాలియా' అని పిలిచి, అక్కడి సన్నని బట్టల గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు. భారత్ ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడటం వెనక ఇంత కథ ఉంది.

జాబితాలో పేర్లు

దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం రెండు రకాలవే. మొదటి రకం మీద ఒకవైపు ఆగస్టస్ ముఖం, రెండోవైపు ఇద్దరు కుర్రాళ్లు ఉంటారు. వాళ్లు గయస్, లూసియస్. ఆగస్టస్ కూతురి పిల్లలు. దత్తత తీసుకుని తన వారసులుగా ప్రకటించాడు. అంటే ఆనాటి 'సెలక్షన్ లిస్ట్' నాణెం మీదే అచ్చయింది.

ఆ లిస్ట్ ఏమైంది? లూసియస్ క్రీ.శ. 2లో, గయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. వాళ్లకంటే ముందు ఆశలు పెట్టుకున్న మేనల్లుడు మార్సెలస్ ఎప్పుడో క్రీ.పూ. 23లోనే పోయాడు. చివరికి మిగిలింది భార్య లివియా మొదటి పెళ్లి కొడుకు టైబీరియస్. అంతకుముందు అన్నీ వదిలేసి రోడ్స్ దీవికి వెళ్లిపోయి ఏళ్లపాటు అక్కడే ఉన్న మనిషి. క్రీ.శ. 14లో చక్రవర్తి అయ్యేనాటికి అతనికి 54 ఏళ్లు. మన దగ్గర దొరికే రెండో రకం నాణెం ఇతనిదే.

'చూశారా, ఓపిక పడితే ఉద్యోగం వస్తుంది' అని నేను చెప్పబోవడం లేదు. టైబీరియస్‌కు పదవి దక్కింది కానీ సుఖం దక్కలేదు. చివరి పదేళ్లు రోమ్ మొహం చూడకుండా కాప్రీ దీవిలో గడిపాడు. నేను చెప్పేది వేరు. లిస్ట్‌లో పేరు ఉండటం, పోవడం చాలాసార్లు మన చేతిలో ఉండదు. 2022లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ గుర్తుందా? రెండుసార్లు ప్రిలిమ్స్ రాశారు, రెండుసార్లూ రద్దయింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ కొత్త నోటిఫికేషన్. అందులో చదివినవాళ్ల తప్పేముంది?

మన వ్యాపారి ఏం చూశాడు?

ఇంతకీ ఆ ఇద్దరు కుర్రాళ్లు చనిపోయాక వాళ్ల బొమ్మ ఉన్న నాణెం విలువ పడిపోయిందా? లేదు. ఇక్కడి వ్యాపారికి వారసుడు ఎవరైతే ఏంటి? ఆ నాణెంలో మంచి వెండి ఉంది, అంతే. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం బరువూ తగ్గించాడు, వెండి పాళ్లూ తగ్గించాడు. ముఖం మాత్రం చక్రవర్తిదే! కానీ ఆ తర్వాతి రోమన్ వెండి నాణేలు మన దగ్గర చాలా తక్కువగా దొరుకుతాయి. దక్షిణాదిన దొరికిన కొన్ని రోమన్ బంగారు నాణేల మీదైతే సరిగ్గా చక్రవర్తి ముఖం మీదే ఉలి గాటు ఉంటుంది.

మీరు బిట్‌గా చదివే జోగల్‌తంబి నాణేలు కూడా అదే చెబుతాయి. నహపాణుడిని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేలను పారేయలేదు. వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. 13 వేలకు పైగా నాణేల్లో మూడింట రెండొంతులు అలా తిరిగి ముద్రించినవే. రాజు మారాడు, ముద్ర మారింది. వెండి అదే.

మీ వెండి ఏది?

ముద్రకు విలువే లేదని కాదు. డిగ్రీ లేకపోతే ఇంటర్వ్యూ గది దాకా కూడా రానివ్వరు. అయితే ఆ ముద్రకు నమ్మకం వచ్చింది కూడా లోపల వెండి ఉండబట్టే. పరీక్షలు సక్రమంగా, సమయానికి పెట్టమని అడగడం కూడా మీ హక్కు. అది వదులుకోవద్దు. కానీ ఆ పరీక్ష జరిగేదాకా మీ విలువ మొత్తం దాని దగ్గర తాకట్టు పెట్టకండి.

ప్రిపరేషన్‌లో రోజుకు ఒక గంట పక్కన పెట్టండి. కమిషన్ లిస్ట్‌తో పని లేకుండా ఎవరైనా డబ్బిచ్చి చేయించుకునే పని ఒకటి నేర్చుకోండి. బడ్జెట్, సామాజిక ఆర్థిక సర్వే ఎలాగూ చదువుతున్నారు. ఆ అంకెలనే ఎక్సెల్‌లో పెట్టి విశ్లేషించడం నేర్చుకుంటే అది ఒక ఉద్యోగ నైపుణ్యం. ఇటు తెలుగులో, అటు ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా ఒక పేజీ రాయగలగడం ఇంకోటి. చరిత్ర మీద నిజంగా ఇష్టం ఉంటే ఉస్మానియాలో పురావస్తు శాస్త్రం చదవొచ్చు.

ఆర్నెల్లకోసారి మిమ్మల్ని మీరే అడగండి: 'ఈ పరీక్ష రేపు రద్దయితే, నేను నేర్చుకున్నదాంట్లో చేతికి మిగిలేది ఏంటి?' జవాబు దొరకకపోతే భయపడక్కర్లేదు. ఆ గంట ఈ రోజే మొదలుపెట్టండి.