నామినేషన్ ఆట ఎక్కడ నేర్చుకున్నారు?



ఈమధ్య మా ఆరో తరగతి పిల్లలు ఇంటర్వెల్‌లో ఒక కొత్త ఆట మొదలుపెట్టారు. గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరే లేచి, "నేను ఫలానావారిని నామినేట్ చేస్తున్నాను, కారణం ఇదీ" అంటారు. ఎక్కువ ఓట్లు పడినవారు బయటికి పోవాలి. "ఎవరితోనూ కలవదు" అన్న కారణంతో ఒక పాపను పంపేశారు. మిగతావారికి అది ఆట. ఆ పాప మాత్రం మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని అన్నం తింది. ఆ ఆట ఆపించాం. కానీ ఆపించినంత మాత్రాన అది నేర్పిన పాఠం పోదు.

తెలుగులో బిగ్‌బాస్ 2017లో మొదలైంది. దాని మూలం 1999లో నెదర్లాండ్స్‌లో వచ్చిన బిగ్ బ్రదర్. పెద్దవాళ్లు ఒప్పుకుని, డబ్బు తీసుకుని ఆడే ఆట అది. రోజంతా తీసినదాన్ని కత్తిరించి సుమారు గంటసేపు చూపిస్తారు. ప్రశాంతంగా వంట చేసుకున్న పూట పోయి, గొడవ మిగులుతుంది. ఈ సంగతి మనకు తెలుసు, పదేళ్ల పిల్లలకు తెలియదు. గట్టిగా అరిచినవారిదే గెలుపని, నచ్చనివారిని ఓటేసి పంపెయ్యొచ్చని వాళ్లు అనుకుంటారు.

పెద్దయితే అదే సర్దుకుంటుందా? 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి హైదరాబాద్‌లో స్టూడియో బయట అభిమానులు గొడవపడి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. పోలీసు కేసులయ్యాయి. ఆ బస్సులెక్కే జనానికి ఆ ఆటతో ఏం సంబంధం?

టీవీ పోటీలన్నీ ఒకటేనని నేననను. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగాలో బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల తప్పులను నవ్వుతూ దిద్దేవారు. పలుకు ఎక్కడ జారిందో చెప్పేవారు. ఓడినవారూ ఏదో ఒకటి నేర్చుకుని వెళ్లేవారు.

మన చిత్తూరు వైపు ఊళ్లలో భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. అందులోనూ జూదం ఉంది, అవమానం ఉంది, అరుపులున్నాయి. అయితే సభలో పెద్దలంతా తలవంచుకుంటే వికర్ణుడు లేచి ఇది అన్యాయమన్నాడని కథ చెప్పేవారు విడమరిచి చెబుతారు. పిల్లలు పెద్దల పక్కన కూర్చుని వింటారు. టీవీలో గొడవ కాగానే ప్రకటన వస్తుంది. వారాంతంలో నాగార్జున గారు మందలిస్తారు, నిజమే. అప్పటికి పిల్లలు ఐదు రోజుల గొడవ చూసేసి ఉంటారు.

కాబట్టి "ఇది తప్పు" అని అప్పటికప్పుడు చెప్పాల్సింది మనమే. టీవీ కట్టేయమని అడగడం లేదు. కట్టేస్తే ఫోన్లో చూస్తారు. నా మనవి మూడు మాటలే:

1. పిల్లలు చూస్తుంటే పక్కన కూర్చోండి. "ఆమె చోట నువ్వుంటే ఎట్లుంటుంది?" అని అడగండి.

2. రాత్రి ఎపిసోడ్ కోసం మేలుకోనివ్వకండి. ఆ నిద్ర మొదటి పీరియడ్‌లో మాకు కనిపిస్తుంది.

3. ఇంట్లో సరదాకైనా ఎవరినీ "ఎలిమినేట్" చేయకండి. దానికి బదులు రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరు పక్కవారిలో ఒక మంచి చెప్పండి. తప్పులు వెతికినంత తేలికగా మంచి దొరకదని పిల్లలకే తెలిసివస్తుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులతో పాటు, మీ ఇంట్లో రాత్రి తొమ్మిది తర్వాత టీవీలో ఏం నడుస్తుందో కూడా మాట్లాడుకుందాం.