లెక్క తేలకుండ రాజీ లేదు

మర్రిగూడ నుంచి మాల్ దిక్కు పోయి సాగర్ రోడ్డు ఎక్కితే కార్లు ఎట్ల పోతయో మనకు తెలుసు. కూలికి పోయేటోళ్లను ఆ కారు గుద్దుతది. శవం ఇంక ఆస్పత్రిల ఉండంగనే పెద్దమనుషులు వాడకు దిగుతరు. "అయ్యిందేదో అయ్యింది, పోయిన పానం తిరిగొస్తదా? కారాయన లక్ష ఇస్తడట. తీసుకొని దినాలు చేసుకోండ్రి. కోర్టు చుట్టు ఏం తిరుగుతరు?" ఈ మాట వినని వాడ ఉందా?

రాజీ తప్పని మేము అనం. ఇంట్ల పొయ్యి వెలగనోళ్లకు ఏండ్ల తరబడి కొట్లాడుమని చెప్పుడు తేలికే. మేము అడిగేది ఒక్కటే: ఆ లక్ష ఏ లెక్క? దొర చేన్ల మన బర్రె పడితే మొక్కలు లెక్కపెట్టి దండుగ గుంజిన ఊర్లివి. మన మనిషి పోతే మాత్రం లెక్క వద్దట!

చట్టంల లెక్క ఉంది. 34 ఏండ్ల కూలి మనిషి, నెలకు 9 వేల సంపాదన, ఇంట్ల ఆధారపడ్డోళ్లు నలుగురు అనుకుందాం. ఏడాదికి 1 లక్షా 8 వేలు. 40 ఏండ్ల లోపు కూలికి, రేపటి సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అంటే 1,51,200. తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 1,13,400. ఈ వయసుకు 16తో గుణించాలని 2009లో సరళా వర్మ కేసుల తీర్పు. మొత్తం 18 లక్షలు దాటింది. ఆ పద్దెనిమిది ఎక్కడ? పెద్దమనుషుల లక్ష ఎక్కడ?

తప్పు ఎవరిదని రుజువు చేయకుండనే చావుకు 5 లక్షలు, పెద్ద దెబ్బకు రెండున్నర లక్షలు అడిగే హక్కు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉంది. చావుకు 5 లక్షల కన్న తక్కువకు ఒప్పుకునుడంటే చట్టం ఇచ్చిన దాన్ని కూడ ఒదులుకునుడే.

దెబ్బలు తగిలినోళ్ల కాడ ఇంకో ఎత్తు ఏస్తరు. "నీ కాళ్లు ముందే వంకర, ఫ్లోరైడు రోగం నీది" అంటరు. మన బొక్కలు వంగింది నీళ్లతోని, నిజమే. కాని నిన్నటిదాక ఆ కాళ్లతోనే కూలి చేసినం కద! డాక్టరు రాసిన శాతం ఒక్కటే కాదు, ఆ దెబ్బతోని మనిషి చేసే పని ఎంత పోయిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ముందు కూలికి పోయినట్టు తోటి కూలీలతో సాక్ష్యం చెప్పించాలె.

మరి రాజీ ఎప్పుడు మంచిది? బండికి ఇన్సూరెన్స్ లేకుంటే, ఓనరు దగ్గర ఏమీ లేకుంటే, గెలిచిన తీర్పు కాయితమే మిగులుతది. అప్పుడు చేతికొచ్చేది ఆలోచించాలె. ట్రాక్టర్ ట్రాలీల కూలీల సంగతి ఇంకా కష్టం. 2018 ఏప్రిల్‌ల వద్దిపట్ల దగ్గర 9 మంది, అదే ఏడు జూన్‌ల వేములకొండ దగ్గర 15 మంది కాలువల పడి చచ్చిపోయింది ట్రాక్టర్లతోనే. ట్రాలీల మనుషులకు మా పాలసీ వర్తించదని కంపెనీలు కొట్లాడుతయి. ఇన్సూరెన్స్ ఉన్న కారైతే 18 లక్షల లెక్కకు 14, 15 ఇస్తమంటే లోక్ అదాలత్‌ల కూసోవచ్చు. రెండు ఇస్తమంటే లేచి రావాలె. ఒక్కటి యాదుంచుకోండ్రి: లోక్ అదాలత్‌ల సంతకం పెట్టినంక అప్పీలు లేదు.

ఇంకో భయం పెడతరు: "డబ్బు తీసుకుంటే పోలీసు కేసు కూడ ఎత్తేస్తరు" అని. మనిషి చచ్చిన కేసు ఊర్ల రాజీతోని పోయే కేసు కాదు. అది వేరు, పరిహారం వేరు.

వకీలుకు పైసల్లేవంటరా? ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతో పని లేకుండ ఉచిత వకీలును ఇయ్యాలని 1987 చట్టం. నల్లగొండల జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలె. దావా మనమున్న జిల్లాలనే వేసుకోవచ్చు. ఆరు నెలల లోపల వేయాలని చట్టంల పెట్టిన్రు, ఆలస్యం చేయొద్దు. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, బండి పాలసీ నకళ్లు దగ్గర పెట్టుకోవాలె. పైసలు పెండ్లాం పిల్లల బ్యాంకు ఖాతాలనే పడాలె, మధ్యోని చేతుల కాదు.

సంఘం పిల్లలారా, ఈ లెక్క ప్రతి వాడల ఒక్కరన్న నేర్చుకోండ్రి. పెద్దమనుషులు వచ్చిననాడు ఏడ్చేటోళ్ల పక్కన లెక్క తెలిసినోళ్లు కూసోవాలె. లెక్క చదివి వినిపించేదాక ఏ కాయితం మీద వేలుముద్ర వెయ్యొద్దు.

జై భీమ్!