అనుమతి ఉంది, షరతులూ ఉన్నాయి

పరభాషా చిత్రాన్ని తెలుగులో తీయాలంటే ముందు రీమేక్ హక్కులు కొనాలని ఫిల్మ్‌నగర్‌లో అందరికీ తెలుసు. పాఠ్యపుస్తకాల విషయంలోనూ అంతే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అనువాదం, అనుసరణ హక్కులు హక్కుదారువే.

అయితే కొన్ని సంస్థలు ఆ అనుమతిని ముందుగానే, ఉచితంగా ఇచ్చేశాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లోని పిల్లల కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వస్తున్నాయి. వాటిని ఎవరైనా తెలుగు చేయవచ్చు, తమ ఊరి యాసలోకి మార్చుకోవచ్చు. అలా చేసినప్పుడు మూల రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు, చేసిన మార్పులు తప్పక చెప్పాలి.

అన్ని లైసెన్సులూ ఒకటి కావు. తెలుగు వికీపీడియా వ్యాసాన్ని పాఠంగా మలిచి పంచితే, ఆ పాఠాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘నో డెరివేటివ్స్’ అని ఉంటే మార్చిన ప్రతిని పంచడానికి వీల్లేదు.

దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల తెలుగు మాధ్యమంలో దూరవిద్య చదివేవారికి ఇలాంటి పాఠాలు ఎంతో అవసరం. అందుకే ఉపాధ్యాయ శిక్షణలో లైసెన్సులు చదవడం నేర్పాలి. మలిచిన ప్రతి పాఠం మొదటి పేజీలోనే మూలం వివరాలు అచ్చువేయాలి.