బరువు ఎక్కడ కూర్చుంది?

ఈ హాస్టల్ అన్నం తిని ఇంజనీరింగ్ వైపు వెళ్ళినవాళ్ళం మేము. వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళకూ, తోటి పూర్వ విద్యార్థులకూ మా పొరపాటు ఒకటి చెప్పాలని ఇది రాస్తున్నాం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్ళం. పీజీలో చేరగానే ఊళ్ళో "ఇంజనీరుగారు" అయిపోయాం. పిలుపు బాగానే ఉంటుంది, దాని వెనకాల వచ్చే ప్రశ్నలతోనే ఇబ్బంది.

మొన్న సెలవుల్లో కర్లపాలెం దగ్గర ఒక రైసు మిల్లు వాళ్ళు అడిగారు. పాత షెడ్డులో 300 మి.మీ. ఎత్తు ఐ గర్డరు ఉంది, పొడవు 4 మీటర్లు. దాని పక్కన బ్రాకెట్టు వెల్డింగ్ చేసి టన్ను మిషను పెడతాం, ఆగుతుందా అని. మేము అక్కడే కాగితం తీసి, బరువు సరిగ్గా గర్డరు నెత్తిన ఉన్నట్టు లెక్క కట్టాం. చదరపు మిల్లీమీటరుకు 17 న్యూటన్ల ఒత్తిడి వచ్చింది. మామూలు స్టీలుకు పాత ఐ.ఎస్. 800 కోడు 165 దాకా ఒప్పుకుంది. ఇంకేం, "భేషుగ్గా ఆగుతుంది" అనేశాం.

బస్తాలు దించుతున్న హమాలీ పెద్దాయన విని, "అబ్బాయ్, బస్తా వీపు మధ్యలో ఉంటే ఎంతైనా మోస్తాం. ఒక పక్కకి జారిందా, నడుం పట్టేసిద్ది. మీ ఇనప దూలానికి నడుం లేదా?" అన్నాడు. అప్పుడు నవ్వాం. రాత్రికి నవ్వు పోయింది.

మిషను బరువు గర్డరు నడిమి పలకకు 150 మి.మీ. అవతల పడుతోంది. అంటే గర్డరు కిందికి వంగడమే కాదు, మెలి తిరుగుతుంది కూడా. ఐ ఆకారం నిలువు బరువుకు గట్టిది, మెలికకు బలహీనం. ఆ మెలిక పై పలకను ఒకవైపుకీ, కింది పలకను ఇంకోవైపుకీ దాదాపు అర టన్ను చొప్పున తోస్తుంది. ఒక్కో పలక వెడల్పు 140 మి.మీ., మందం 12 పైచిలుకు. ఆ తోపునంతా పలకలే మోస్తే 120 దాకా ఒత్తిడి వస్తుంది. గర్డరు తన బిగువుతో కొంత మోస్తుంది కాబట్టి అది తీసేసి చూస్తే 60 మిగిలింది. పాత 17 కలిపితే 77. అదే రెండు టన్నుల మిషనైతే 150 దాటుతుంది. మోటారు అదురు, గర్డరు మీద ముందే ఉన్న బరువు ఇందులో లేవు. పైగా ఇదంతా గర్డరు చివర్లు కదలకుండా బిగించి ఉన్నాయనుకుని కట్టిన లెక్క. చివర్లు గోడ మీద ఊరికే ఆనించి ఉంటే గర్డరే పొర్లుతుంది.

పొద్దున్నే వెళ్ళి "నిన్న చెప్పింది తప్పండీ" అన్నాం. అనడానికి సిగ్గేసింది, కానీ అన్నాం. పక్కన రెండో గర్డరు వేసి మిషను కాళ్ళు రెంటి మీదా పడేట్టు చూడమన్నాం. లేకపోతే రెండు చానళ్ళు ఎదురెదురుగా పెట్టి పెట్టెలా వెల్డింగ్ చేయమన్నాం, మూసుకున్న పెట్టె మెలికకు ఎన్నో రెట్లు గట్టిది.

మేమెందుకు తప్పాం? పరీక్షల్లో మేము చేసిన లెక్కల్లో బరువు ఎప్పుడూ బుద్ధిగా నడిమి గీత మీదే కూర్చునేది. మెలిక పాఠమంటే గుండ్రటి షాఫ్టులే. పెద్ద ఫ్యాక్టరీలో కరెంటు క్రేను నడిచే గర్డరుకైతే, ట్రాలీ బరువూ ఎత్తే బరువూ కలిపి అందులో 10 శాతం పక్క తోపుగా చూడాలని కోడే చెబుతుంది. షెడ్డులో బ్రాకెట్టుకు ఎవరు చూస్తారు? 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షిస్తుండగానే క్రేను కూలి 11 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు పనివాళ్ళు. మిల్లుల్లోనూ యంత్రం కింద నిలబడేది మన నాన్నలే, బాబాయిలే.

మన అన్నలు కొందరు ఇప్పుడు ఎస్టిమేట్ల మీద సంతకాలు పెట్టే ఉద్యోగాల్లో ఉన్నారు. వేలిముద్రల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, సంతకం విలువ మనకెవరూ చెప్పనక్కర్లేదు. మిషను బరువు రాసి, అది గర్డరుకు ఎంత దూరంలో కూర్చుంటుందో చూపని డ్రాయింగును వెనక్కి పంపాలని మా అభిప్రాయం. పని ఆలస్యమైందని కాంట్రాక్టరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

వచ్చే వేసవిలో మన ఊళ్ళ షెడ్లలో ఇలాంటి గర్డర్లు కొలిచి చూద్దామనుకుంటున్నాం. టేపు, కాగితాలు మేమే తెస్తాం. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్ళు కలిసి రండి. ఆ పెద్దాయన్నీ పిలుస్తాం.