ఖాళీగా ఉన్న గాలి ఎవరిది?



మీ ఊళ్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరికో చోటు ఉంటుంది. ఒక ఊరికి గుట్ట మీది బండ, ఇంకో ఊరికి ఘాట్ రోడ్డు మలుపులో చింతచెట్టు, మరో ఊరికి వాటర్ ట్యాంకు మెట్లు. సాయంత్రమైతే పిల్లలంతా అక్కడే. స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి రోజున ఓటీపీ కోసం గుట్ట ఎక్కి, అది వచ్చేలోపు టైం అయిపోయి, ఖాళీ చేతులతో దిగినవాళ్లు మనలో ఎంతమంది లేరు? రాత్రిపూట పురిటి నొప్పులు మొదలైతే 108కి ఫోన్ చెయ్యడానికి టార్చిలైటు పట్టుకుని గుట్టకు పరిగెత్తిన అన్నలు ఎంతమంది లేరు?

ఒకప్పుడు సిగ్నల్ లేకపోతే పాట రాదు, అంతే. ఇప్పుడు సిగ్నల్ లేకపోతే కూలి రాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లోకి ఎక్కించాలని రూలు పెట్టారు. రేషన్‌కు వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, బ్యాంకుకు కేవైసీ. ప్రభుత్వం అన్నిటినీ ఇంటర్నెట్‌లోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. తాళంచెవి మాత్రం మన గుట్టల దాకా రాలేదు.

ఎందుకు రాలేదని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. అడవి, ఎత్తుపల్లాలు, జనం తక్కువ, కంపెనీకి గిట్టుబాటు కాదు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజమే. మిగతా సగం మన తలల మీద, గాలిలో ఉంది. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

ఫోన్ అయినా, టీవీ అయినా, వైఫై అయినా రేడియో తరంగాల మీదే నడుస్తుంది. ఆ తరంగాలన్నిటినీ కలిపి స్పెక్ట్రం అంటారు. అందులో రకాలున్నాయి. పొట్టి తరంగం ఎక్కువ డేటా మోస్తుంది కానీ దూరం పోలేదు. ఇంట్లో వైఫై తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఆకుల్లోని తడి దాన్ని మింగేస్తుంది, గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది. పొడుగు తరంగం అలా కాదు. పాత టీవీ ప్రసారాల తరంగం అర మీటరు దాకా ఉంటుంది. అది చెట్ల మధ్య నుంచి దూరిపోతుంది, గుట్ట అంచును కాస్త చుట్టుకుని అవతలికి దిగుతుంది. అంటే అడవి ఊళ్లకు కావలసింది ఈ పొడుగు తరంగాలే. మరి అవి ఎక్కడున్నాయి?

లెక్క చూడండి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఇలాంటి పొడుగు తరంగాలదే. 2016లో ప్రభుత్వం దాన్ని వేలానికి పెట్టింది. దేశం మొత్తానికి ఒక్కో మెగాహెర్ట్జ్‌కు కనీస ధర 11,485 కోట్ల రూపాయలు. ఒక్క కంపెనీ కూడా కొనలేదు. 2021లో మళ్లీ పెట్టారు, మళ్లీ ఎవరూ కొనలేదు. 2022లో ధర 3,927 కోట్లకు దించాక రిలయన్స్ జియో 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది. ఈ మధ్యలో దాదాపు ఆరేళ్లు ఆ తరంగాలు ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. ఆ ఆరేళ్లలోనే కరోనా వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులు వచ్చాయి. మన పిల్లలు బడి మానింది ఆ ఏళ్లలోనే. 2024 జూన్ వేలంలో 10,500 మెగాహెర్ట్జ్‌కు పైగా పెడితే అమ్ముడుపోయింది 141.4. అదంతా అడవికి పనికొచ్చే రకం కాకపోవచ్చు. కానీ మన దేశంలో గాలికి కరువు లేదని అర్థమవడానికి ఈ అంకె చాలు.

ఇంకొకటి ఉంది. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ దాకా టీవీ ప్రసారాలకు కేటాయించిన బ్యాండ్. అందులో 15 ఛానెళ్లకు చోటుంది. మన దేశంలో టవర్ల నుంచి నేరుగా ఇంటి యాంటెన్నాకు ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2014లో లెక్కగట్టి చూస్తే, దాదాపు దేశమంతటా ఆ 15లో కనీసం 12 ఛానెళ్లు ఖాళీ అని తేలింది. ఆ తర్వాత దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కూడా చాలావరకు మూసేసింది. ఈ ఖాళీ చోటునే టీవీ వైట్ స్పేస్ అంటున్నారు.

దీన్ని ఇంకొకరు వాడుకోవడం ఎలా? మన సంతను గుర్తు తెచ్చుకోండి. సంత జరిగేది వారానికి ఒక్కరోజు. మిగతా ఆరు రోజులు ఆ మైదానంలో పిల్లలు ఆడుకుంటారు, వడ్లు ఆరబోస్తారు, పెళ్లి పందిరి వేస్తారు. సంత రోజు వచ్చేసరికి అందరూ తప్పుకుంటారు. ఎవరి హక్కూ పోలేదు, నేలా వృథా కాలేదు. స్పెక్ట్రం పంచుకోవడమంటే ఇంతే. రేడియో పరికరం ముందు తానెక్కడుందో ఒక డేటాబేస్‌కు చెబుతుంది. ఇక్కడ ఏ ఛానెల్ ఖాళీగా ఉందో డేటాబేస్ తిరిగి చెబుతుంది. పరికరం దానిమీదే మాట్లాడుతుంది. అసలు హక్కుదారు వస్తే తప్పుకుంటుంది.

ఇది కాగితం మీద మాట కాదు. మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో, వార్లీ, కాత్కరీ ఆదివాసీలు ఎక్కువగా ఉండే ప్రాంతంలో, ఐఐటీ బొంబాయి వాళ్లు దీన్ని చేసి చూపించారు. ఫైబర్ ఉన్న చోటు నుంచి టీవీ తరంగాల మీద నెట్‌ను పల్లెకు తెచ్చి, పల్లెలో వైఫైగా పంచారు. కానీ మన ప్రభుత్వం ప్రయోగాలకు అనుమతి ఇచ్చింది తప్ప, ఊళ్లకు రోజువారీ సేవగా ఇవ్వడానికి తలుపు తీయలేదు. అమ్మితే డబ్బొచ్చే వస్తువును ఊరికే ఎలా ఇస్తామన్నది అసలు సంగతి.

ఇక్కడే మనం ఆగి అడగాలి. ఈ గాలి ఎవరిది?

1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని. 2012లో 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేస్తూ, స్పెక్ట్రం సహజ వనరు, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అని మళ్లీ చెప్పింది. ధర్మకర్త అంటే కాపలా ఉండి, అసలు యజమానికి మేలు జరిగేలా చూసేవాడు. యజమాని గుట్టెక్కి ఓటీపీ కోసం నిలబడితే, ధర్మకర్త కొట్టుకు తాళం వేసి మంచి బేరం కోసం ఆరేళ్లు కూర్చోవడం ఏ ధర్మం?

ఇప్పుడు చట్టంలో ఒక సందు దొరికింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఏడో సెక్షన్ చదవండి. ఒకరికి కేటాయించిన స్పెక్ట్రంలో కొంత భాగాన్ని, వాళ్ల సేవకు ఇబ్బంది రాకుండా, ఇంకొకరికి కూడా కేటాయించవచ్చు అంటోంది. సరైన కారణం లేకుండా వాడకుండా ఉంచుకున్న స్పెక్ట్రం కేటాయింపును రద్దు చేయవచ్చు అని కూడా అంటోంది. అంటే పంచుకోవడానికి చట్టం అడ్డు రావడం లేదు.

అయితే అదే చట్టం చివర మొదటి షెడ్యూలు ఉంది. వేలం లేకుండా స్పెక్ట్రం ఎవరెవరికి, దేనికి ఇవ్వవచ్చో అందులో రాశారు. గనులు, ఓడరేవులు, చమురు వెలికితీత పనుల్లో భద్రత, నిర్వహణకు ఇవ్వవచ్చు అని ఉంది. గనుల్లో పనిచేసేవాళ్ల ప్రాణాలకు అది అవసరమే, కాదనం. కానీ ఆ జాబితాలో గ్రామసభ పేరు లేదు. మన కొండను తవ్వే గనికి వేలం లేకుండా గాలి దొరుకుతుంది, ఆ కొండ మీద బతికే ఊరికి దొరకదు. ఇది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

బయటి ఆదివాసీలు అడిగి సాధించుకున్నారు. మెక్సికోలో ఓహాకా కొండల్లో తాలేయా దె కాస్త్రో అనే ఊరికి పెద్ద కంపెనీలేవీ రాలేదు. 2013లో ఊరే సొంతంగా ఒక చిన్న మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకుంది. 2014లో అక్కడ టెలికాం చట్టం మారి, సమాజ అవసరాలకు, మూలవాసులకు స్పెక్ట్రం ఇచ్చే వీలు కలిగింది. 2016లో మూలవాసుల సంఘానికి ఓహాకా, చియాపాస్‌తో పాటు మొత్తం ఐదు రాష్ట్రాల్లో స్పెక్ట్రం వాడుకునే అనుమతి వచ్చింది. అమెరికాలో విద్యాసంస్థలకని ఉంచిన 2.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ పల్లె ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండేది. 2020లో దాన్ని వేలం వేసే ముందు, గ్రామీణ ప్రాంతాల్లోని తెగలు తమ నేల మీది స్పెక్ట్రంను ముందుగా అడిగి తీసుకోవచ్చని అక్కడి ప్రభుత్వ కమిషన్ గడువిచ్చింది. 400కు పైగా దరఖాస్తులు వచ్చాయి. నేల ఎవరిదో, ఆ నేల మీది గాలిలో మొదటి మాట వాళ్లదే అని అక్కడ ఒప్పుకున్నారు.

మనలోనే కొందరికి అనుమానాలుంటాయి. అవి కూడా మాట్లాడుకోవాలి.

"టవర్లు వస్తున్నాయి కదన్నా, ఇంక ఇదెందుకు?" అంటారు. నిజమే. 2022 జులైలో కేంద్రం 24,680 మారుమూల ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. ఆ పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. ఆ టవర్లు రావాలి, వచ్చినవి పనిచేయాలి. కానీ టవర్ ఒక ఊళ్లో ఉంటే వాగు అవతలి గూడేనికి అందదు. పది ఇళ్ల గూడేనికి ఎవరూ టవర్ వెయ్యరు. పంచుకున్న స్పెక్ట్రం ఆ చివరి మూడు నాలుగు కిలోమీటర్లకు పనికొస్తుంది. టవర్‌కు ఇది పోటీ కాదు, తోడు.

"పరికరాలు ఖరీదు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?" ఇది సరైన ప్రశ్న. టీవీ బ్యాండ్ పరికరాలు చేసేవాళ్లు తక్కువ, అందుకే ధర ఎక్కువ. వాడకానికి అనుమతి లేనంతకాలం చేసేవాళ్లు పెరగరు, ధర దిగదు. వైఫై సంగతి చూడండి. దాని తరంగాలకు ఎవరూ లైసెన్సు తీసుకోనక్కర్లేదు, అందుకే ఇవాళ వైఫై పెట్టె సంతలో చెప్పుల జత ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతోంది. ఇక డబ్బంటారా, టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం మారుమూల ప్రాంతాల సేవల కోసం ప్రత్యేక నిధికి కట్టాలని రూలు ఉంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ ఆదాయం ఎక్కడిది? మన రీఛార్జి డబ్బే కదా. అది మన ఊరికి తిరిగి రావాలి.

"మన పేరు చెప్పి పెద్ద కంపెనీలే ఎత్తుకుపోవా?" ఈ భయం నాకూ ఉంది. మన పేరు మీద వచ్చిన పథకాలు ఎవరి ఇళ్లు నింపాయో చూస్తూనే ఉన్నాం. భూమి విషయంలో 1997 సమత తీర్పు మనకు ఒక కంచె కట్టింది. గాలి విషయంలో అలాంటి కంచె లేదు. అందుకే అడిగేటప్పుడే జాగ్రత్తగా అడగాలి. ఖాళీ స్పెక్ట్రం తెరవండి అంటే చాలదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో మొదటి హక్కు గ్రామసభది, ఆదివాసీ యువత సహకార సంఘాలది అని కూడా అనాలి.

స్పెక్ట్రం కేంద్రం చేతిలోది, పెసా చట్టానికి అందదు అని అధికారులు చెప్పవచ్చు. అప్పుడు అయిదో షెడ్యూలు అయిదో పేరా చూపించండి. పార్లమెంటు చేసిన చట్టాన్ని కూడా షెడ్యూల్డ్ ప్రాంతానికి మార్పులతో వర్తింపజేసే అధికారం గవర్నర్‌కు ఉంది. అడవి అడ్డం అంటే అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో క్లాజు చూపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు అటవీ భూమిలో, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, టెలికాం లైన్లకు చోటివ్వవచ్చు. అడ్డమన్న అడవిలోనే గ్రామసభ మాటకు విలువుంది.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఈ వారం రెండు పనులు చేయండి. మొదటిది, మీ పంచాయతీలో ప్రతి గూడెం పేరు రాసి, ఎక్కడ సిగ్నల్ ఉంది, ఎక్కడ లేదు, దగ్గరి ఫైబర్ ఎంత దూరం, టవర్ ఉంటే నెలలో ఎన్ని రోజులు పనిచేస్తుంది అని ఒక కాగితం మీద పెట్టండి. మీకు తెలిసినంత ఏ ఆఫీసుకూ తెలియదు. పది రూపాయల ఆర్టీఐ వేసి, మంజూరైన టవర్ల జాబితా తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టండి. రెండోది, ఆ కాగితాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. కలెక్టర్‌కు, ఐటీడీఏ పీఓకు, గవర్నర్‌కు పంపండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏ కొత్త విధానానికైనా ముందు చర్చాపత్రం పెట్టి, ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు అంటుంది. అక్కడ కంపెనీల లాయర్లు వందల పేజీలు రాస్తారు. మన గూడెం నుంచి ఒక్క పేజీ అయినా వెళ్లాలి.

జల్, జంగల్, జమీన్ అన్నాడు కొమురం భీం. ఆయన కాలంలో గాలిని కూడా అమ్ముతారని ఎవరూ అనుకోలేదు. ఇవాళ అమ్ముతున్నారు. అమ్ముడుపోనిది తాళం వేసి దాస్తున్నారు. నీళ్లు, అడవి, నేల మనవని చెప్పిన నోటితోనే మన గుట్టల మీది గాలి కూడా మనదని చెబుదాం.

సిగ్నల్ కోసం గుట్టెక్కే చివరి తరం మనదే కావాలి.

జై ఆదివాసీ.